కణానికి లష్కరు: ఏఎంపీ కైనేజ్ ఎలా మేలుకుంటుంది

(జనవరి 12న, యల్లాప్రగడ సుబ్బారావు గారి జయంతి రోజు, భీమవరంలో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి. రండి బాబూ, పరవాలేదు. నేను ప్రశ్నలు అడుగుతానని భయపడకండి. అడుగుతాను గానీ జవాబు కూడా నేనే చెప్తాను.

ఈ రోజు సుబ్బారావు గారి పుట్టినరోజు. 1895లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఆయన జీవితం గురించి మీరు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నారు. అందుకని నేను ఆయన గురించి కాకుండా, ఆయన చేతికి చిక్కిన ఏటీపీ అనే ఒక అణువు గురించి మాట్లాడదామని వచ్చాను. అది ఖర్చయిపోయాక మిగిలే ముక్క గురించి, ఆ ముక్క వెళ్లి ఒక ఎంజైము మీద ఎలా కూర్చుంటుంది, కూర్చుంటే ఏమవుతుంది అన్న దాని గురించి. ఇది ఒక్కటే నా విషయం.

1925లో హార్వర్డులో ఫిస్క్, సుబ్బారావు గార్లు ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తయారుచేశారు. మీరు ల్యాబులో నీలం రంగు తెప్పించి ఫాస్ఫేట్ కొలిచారు కదా, అదే. ఆ రంగు చేతిలో ఉంది కాబట్టే కండరంలో ఫాస్ఫేట్ ఎక్కడెక్కడ దాక్కుందో వెతకగలిగారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని పట్టుకున్నాడు, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఏటీపీ అంటే ఏమిటి? కణం తన పనులకు ఖర్చుపెట్టే శక్తి నాణెం. అడినోసిన్‌కి మూడు ఫాస్ఫేట్లు. ఒకటి ఊడితే ఏడీపీ, రెండు ఊడితే ఏఎంపీ. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఉండే ఏటీపీ చాలా తక్కువ, వంద గ్రాములు కూడా ఉండకపోవచ్చు. కానీ రోజు మొత్తంలో మనం వాడే ఏటీపీ సుమారుగా మన బరువంత ఉంటుంది. ఎలా? ఊడిన ఫాస్ఫేట్‌ని మళ్లీ అంటించుకుని, మళ్లీ ఊడగొట్టుకుని, అదే అణువుని వందలసార్లు తిప్పుతాం. నిల్వ చూస్తే గుప్పెడు, వాడకం చూస్తే బస్తా. ఇలాంటి ఇల్లు నడపాలంటే డబ్బాలో ఎంత మిగిలిందో క్షణక్షణం తెలియాలి కదా? మరి కణానికి ఎలా తెలుస్తుంది? ఎవరు కొలుస్తున్నారు?

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. లెక్క అనగానే మొహాలు అలా పెట్టకండి, చిన్నదే. కణంలో అడినైలేట్ కైనేజ్ అని ఒక ఎంజైము ఉంది. కైనేజ్ అంటే ఫాస్ఫేట్ అంటించే ఎంజైము. రెండు ఏడీపీలను తీసుకుని, ఒకదాని ఫాస్ఫేట్ ఇంకోదానికి అంటిస్తుంది. అంటే ఒక ఏటీపీ, ఒక ఏఎంపీ వస్తాయి. ఇది ఎప్పుడూ సమతౌల్యానికి దగ్గరగా ఉంటుంది. నిండుగా తిని తీరిగ్గా ఉన్న కణంలో ఏటీపీ 100 ఉందనుకుంటే ఏడీపీ 10, ఏఎంపీ 1. మొత్తం 111. ఇప్పుడు పని ఎక్కువై ఏటీపీ 90కి పడిందనుకోండి. ఏటీపీ తగ్గింది ఎంత? పదో వంతు. ఏడీపీ ఎంతవుతుంది? సుమారు 17న్నర. మరి ఏఎంపీ? మూడున్నర దగ్గరికి వస్తుంది. ఏటీపీ పది శాతం తగ్గితే ఏఎంపీ మూడు రెట్లు దాటింది. చూశారా? ఏటీపీని కొలిస్తే తేడా కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఏఎంపీని కొలిస్తే కేక పెట్టినట్టు వినిపిస్తుంది. బీరువాలో నోట్లు లెక్కపెట్టక్కర్లేదు, గల్లాపెట్టెలో చిల్లర ఎంత పేరుకుందో చూస్తే చాలు. కణం ఆ చిల్లరనే చూస్తుంది.

ఆ చిల్లరను చూసే ఎంజైము పేరు ఏఎంపీ కైనేజ్. పూర్తి పేరు ఏఎంపీతో ఉత్తేజితమయ్యే ప్రొటీన్ కైనేజ్. దీని కథ కూడా బాగుంటుంది, త్వరగా చెప్పేస్తాను. 1973లో అమెరికాలో రెండు వేర్వేరు బృందాలు రెండు వేర్వేరు సంగతులు చూశాయి. కొవ్వు తయారీకి మొదటి మెట్టు అయిన ఎంజైముని ఏదో ఫాస్ఫేట్ అంటించి ఆపేస్తోందని ఒకరు, కొలెస్టరాల్ తయారీకి ముఖ్యమైన ఎంజైముని ఏదో ఆపేస్తోందని ఇంకొకరు. ఎవరి దారి వారిది. 1987లో స్కాట్లాండ్‌లోని డండీలో గ్రాహమ్ హార్డీ బృందం ఆ రెండూ ఒకే చెయ్యి చేస్తున్న పనులని చూపించింది. పద్నాలుగేళ్లు! ఒకే దొంగ మీద రెండు స్టేషన్లలో రెండు కేసులు నడిచినట్టు.

సరే, ఇప్పుడు ఆ ఎంజైము లోపలికి వెళ్దాం. ఇది ఒంటరి ప్రొటీన్ కాదు, మూడు ప్రొటీన్ల కూటమి. ఆల్ఫా, బీటా, గామా. మీరంతా డెల్టా పిల్లలు, మీకు నేను కాలవల భాషలో చెప్తాను. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు చాలకపోతే ఏం చేస్తారు? వంతులు పెడతారు. కాలవ కాపలా చూసే లష్కరు వచ్చి, నీటిమట్టం చూపే గేజీ చూసి, ఈ తూము మూసి, ఆ షట్టరు ఎత్తుతాడు. ఆ లష్కరు చెయ్యి ఆల్ఫా. వేరే ఎంజైములకు ఫాస్ఫేట్ అంటించే పని అదే చేస్తుంది. గేజీ గామా. ఏఎంపీ వచ్చి కూర్చునేది అక్కడ. మరి బీటా? చేతినీ గేజీనీ కలిపి పట్టుకున్న స్తంభం. చాలాకాలం బీటాని స్తంభమనే అనుకున్నారు. ఆ స్తంభంలో ఒక గుంట ఉందనీ, మందుల కథంతా ఆ గుంట చుట్టూ తిరుగుతుందనీ తర్వాత తెలిసింది. దాని దగ్గరికి వస్తాను.

ముందు గేజీ. గామాలో నాలుగు సీట్లు ఉన్నాయి. 2007లో క్షీరదాల గామా నిర్మాణం స్ఫటికంలో చూశారు. రెండో నంబరు సీటు ఖాళీ, దాంట్లో ఎవరూ కూర్చోరు. నాలుగో సీట్లో ఏఎంపీ దాదాపు పాతుకుపోయి ఉంటుంది. మిగిలిన రెండు సీట్లలోనే అసలు ఆట. ఒకే సీటులో ఏటీపీ కూర్చోగలదు, ఏడీపీ కూర్చోగలదు, ఏఎంపీ కూర్చోగలదు. ఎవరు కూర్చున్నారన్నదే కబురు. నియంత్రణ అంటే బల్బు స్విచ్చు లాగా నొక్కితే వెలగడం, నొక్కితే ఆరడం అని మీరు ఇంటర్‌లో చదివి ఉంటారు. ఆ బొమ్మ మనసులోంచి తీసేయండి. ఇక్కడ జరిగేది సీటు కోసం పోటీ. ఏటీపీ ఎక్కువుంటే ఏటీపీ కూర్చుంటుంది, లష్కరు నిద్రపోతాడు. ఏఎంపీ పెరిగితే ఏఎంపీ కూర్చుంటుంది, లష్కరు లేస్తాడు.

ఇప్పుడు ఎవరైనా తెలివైనవాళ్లు నన్ను ఒక ప్రశ్న అడగాలి. అడగరేం? ఇందాక మీరే లెక్క చేశారు కదా, ఏటీపీ వంద, ఏఎంపీ ఒకటి. వంద మంది తోసుకుంటున్న చోట ఒక్కడికి సీటు ఎలా దొరికింది? దొరకకూడదు కదా? ఈ ప్రశ్న నన్ను చదువుకునే రోజుల్లో చాలాకాలం వేధించింది. జవాబు మెగ్నీషియంలో ఉంది. కణంలో ఏటీపీ చాలావరకు ఒంటరిగా తిరగదు, మెగ్నీషియం అయానుతో జతకట్టి తిరుగుతుంది. ఆ జత గామా సీటులో సరిగ్గా ఇమడదు. విడి ఏటీపీతో పోలిస్తే సుమారు పదో వంతు బలంతోనే పట్టుకుంటుంది. మన భీమవరం బస్సు ఎక్కేటప్పుడు చూడండి, పెద్ద మూట నెత్తిన పెట్టుకున్నాయన మెట్లమీదే ఉండిపోతాడు, చేతులు ఊపుకుంటూ వచ్చిన కుర్రాడు కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టేస్తాడు. ఏటీపీ మూటతో ఉన్నాయన. ఏఎంపీ కర్చీఫు కుర్రాడు. అందుకే వందకు ఒకటి ఉన్నా ఏఎంపీకి వంతు దక్కుతుంది, మూడున్నర అయిందంటే గట్టిగా దక్కుతుంది.

కూర్చున్నాక ఏం జరుగుతుంది? మూడు జరుగుతాయి, మూడూ ఒకే దిక్కుకు లాగుతాయి. ఆల్ఫాలో చెయ్యికి పక్కనే దాన్ని అణిచిపట్టే ఒక భాగం ఉంది. ఆ భాగం నుంచి ఒక పొడుగాటి తాడులాంటి ముక్క వచ్చి గామా చుట్టూ చుట్టుకుంటుంది. గామా సీటులో ఏఎంపీ ఉంటే ఆ తాడు బిగుస్తుంది. తాడు బిగిస్తే అణిచిపట్టే భాగం చెయ్యి మీద నుంచి పక్కకు లాగబడుతుంది. చెయ్యి విడుదలవుతుంది. ఒక చిన్న అణువు కూర్చున్న చోటికీ, పని జరిగే చోటికీ మధ్య ఎంత దూరమో చూడండి. దూరం నుంచి తాడు లాగడమే అలోస్టెరీ అంటే. పుస్తకంలో నిర్వచనం బట్టీ పట్టకండి, ఈ తాడుని కళ్లముందు పెట్టుకోండి.

రెండోది, మూడోది ఇవీ. ఆల్ఫాలో 172వ స్థానంలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. దానికి ఫాస్ఫేట్ అంటితేనే ఆల్ఫాకి అసలు బలం వస్తుంది, వంద రెట్లు దాటి వస్తుంది. అంటించేది ఎల్‌కేబీ1 అనే ఇంకో కైనేజ్. ఇది 2003లో తేలింది. తమాషా ఏమిటంటే ఎల్‌కేబీ1 అప్పటికే కేన్సర్‌ని అడ్డుకునే జన్యువుగా పేరుపడింది. ఇంధనం కొలిచే ఎంజైముకీ కేన్సర్‌కీ చుట్టరికం అలా బయటపడింది. ఏఎంపీ సీటులో ఉంటే ఆ ఫాస్ఫేట్ అంటించడం సులువవుతుంది, అంటిన ఫాస్ఫేట్‌ని ఊడబెరికే ఎంజైములకు దారి మూసుకుపోతుంది. చివరి ఈ రెండు పనులూ ఏడీపీ కూడా చేయగలదు. మొదటి పని, తాడు లాగే పని, ఏఎంపీ మాత్రమే చేస్తుంది. అన్నీ కలిస్తే ఎంజైము వేగం వెయ్యి రెట్లు దాటి పెరుగుతుంది. ఏటీపీ పదో వంతు తగ్గడంతో మొదలైన మాట, వెయ్యి రెట్ల దాకా వెళ్లింది.

లేచిన లష్కరు ఏం చేస్తాడు? ఖర్చులు మూస్తాడు, రాబడి తెరుస్తాడు. కొవ్వు తయారీ ఆపుతాడు, దాంతో ఆ తయారీలో పుట్టే మలోనైల్ కోఎంజైము ఏ అనే అణువు తగ్గి, కొవ్వును మైటోకాండ్రియాలోకి పంపే తలుపు తెరుచుకుంటుంది. కొలెస్టరాల్ తయారీ ఆపుతాడు. కండరంలోకి గ్లూకోజు రానిస్తాడు. కొత్త ప్రొటీన్ల తయారీ తగ్గిస్తాడు. ఈ జాబితా చాలా పొడుగు, మీ పాఠంలో ఉంది, చదువుకోండి.

ఇక మందుల దగ్గరికి వద్దాం. ఈ లష్కరుని మనం బయటి నుంచి లేపగలమా? మూడు దారులున్నాయి, మూడూ వేరు. మీరు వీటిని కలిపేయకండి. నేను ఎన్నో ఏళ్లు పేపర్లు దిద్దాను, ప్రతి ఏడాదీ కలిపేస్తూనే ఉన్నారు.

మొదటి దారి, కర్చీఫు కుర్రాడి వేషం వేయడం. ఐకార్ అనే చిన్న అణువు కణంలోకి వెళ్లి ఒక ఫాస్ఫేట్ అంటించుకుని జడ్‌ఎంపీ అవుతుంది. అది అచ్చం ఏఎంపీ లాగే గామా సీటులో కూర్చుంటుంది. 2008లో, పరిగెత్తించకుండా కూర్చోబెట్టిన ఎలుకలకు నాలుగు వారాలు ఐకార్ ఇస్తే 44 శాతం ఎక్కువ దూరం పరిగెత్తాయి. అందుకే క్రీడాకారులకు దాన్ని నిషేధించారు. ఇక్కడ సుబ్బారావు గారు మళ్లీ వస్తారు, వినండి. జడ్‌ఎంపీ మన కణాల్లో సహజంగానే పుడుతుంది, డీఎన్‌ఏకి కావలసిన ప్యూరిన్ల తయారీలో ఒక మెట్టు అది. తర్వాతి మెట్టుకు ఫోలేట్ అనే విటమిన్ కావాలి. ఆ మెట్టును ఆపే మందు మెథోట్రెక్సేట్, కేన్సర్‌కి వాడేది. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీదా, దానికి విరుగుడు అణువుల మీదా పని నడిపింది సుబ్బారావు గారి బృందమే. ఆ మందు ఉంటే జడ్‌ఎంపీ పేరుకుంటుంది, పేరుకుని గామా సీటుకు వస్తుంది. ఆయన 1948లో పోయారు. ఏఎంపీ కైనేజ్ అన్న పేరు పుట్టడానికి ఇంకా నలభై ఏళ్లు ఉంది. 1929లో పట్టుకున్న అణువూ, ఆ తర్వాత ఆయన బృందం పనిచేసిన మందూ ఒకే సీటు దగ్గర కలుసుకున్నాయి. నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. ఈ ఊళ్లో మీతో చెప్పుకోవడం నా అదృష్టం.

రెండో దారి మెట్‌ఫార్మిన్, మధుమేహానికి వేసుకునే మాత్ర. మీలో ఎంతమంది ఇళ్లలో ఈ మాత్ర ఉంది? చేతులెత్తండి. చూశారా, సగం హాలు. మా అమ్మ పాతికేళ్లు వేసుకుంది. దీని గురించి మీరందరూ పరీక్షలో రాసే తప్పు ఒకటుంది. మెట్‌ఫార్మిన్ ఏఎంపీ కైనేజ్‌కి అతుక్కుని దాన్ని లేపుతుందని రాస్తారు. గామా సీటు ఎక్కి కూర్చునే అణువు కాదమ్మా అది! అది మైటోకాండ్రియాలో ఏటీపీ తయారీకి తోడ్పడే గొలుసులో మొదటి మెట్టు, కాంప్లెక్స్ 1ని, కొంచెం నెమ్మదింపజేస్తుంది. ఏటీపీ తయారీ కొంచెం తగ్గుతుంది. ఏఎంపీ పెరుగుతుంది. అప్పుడు ఏఎంపీ వెళ్లి సీటులో కూర్చుంటుంది. అంటే మెట్‌ఫార్మిన్ లష్కరుని ముట్టుకోదు, కాలవలో నీళ్లు కొంచెం తగ్గిస్తుంది, గేజీ చూసి లష్కరు తనే లేస్తాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. 2010లో కాలేయంలో ఈ ఎంజైము బొత్తిగా లేని ఎలుకలకు మెట్‌ఫార్మిన్ ఇస్తే, వాటిలో కూడా చక్కెర తగ్గింది. కాబట్టి మెట్‌ఫార్మిన్ మంచి అంతా ఈ ఎంజైము ఖాతాలో వేయకండి. నీళ్లు తగ్గితే లష్కరు ఒక్కడే కాదు, ఆ కాలవ మీద బతికేవాళ్లందరూ గమనిస్తారు.

మూడో దారి నాకు అన్నిటికంటే ఇష్టం. ఇందాక స్తంభంలో గుంట అన్నాను. ఆల్ఫా చేతికీ బీటాకీ మధ్య, గామా సీట్లకు చాలా దూరంగా, ఒక చిన్న గుంట ఉంది. కంపెనీల ప్రయోగశాలల్లో తయారైన ఏ-769662 లాంటి అణువులు అందులో దిగుతాయి. దిగితే ఏఎంపీ పెరగకపోయినా ఎంజైము లేస్తుంది, అంటిన ఫాస్ఫేట్ ఊడకుండా ఉంటుంది. 2012లో ఇంకో సంగతి తేలింది. సాలిసిలేట్ అదే గుంటలో దిగుతుంది. సాలిసిలేట్ అంటే ఏమిటి? ఆస్పిరిన్ ఒంట్లోకి వెళ్లగానే విడిపోయి అయ్యేది అదే. అంతకు ముందు విల్లో చెట్టు బెరడు పేరుతో వేల ఏళ్లు మనుషులు మింగింది ఆ కుటుంబపు పదార్థమే. బీటాలో రెండు రకాలున్నాయి, అందులో బీటా1 లేని ఎలుకలకు సాలిసిలేట్ ఇస్తే కొవ్వు వాడకం పెరగలేదు. అంటే గుంట లేకపోతే ఆ పని జరగలేదు.

మరి నా సందేహం వినండి. మందు కంపెనీ అణువు కోసం, విల్లో బెరడు కోసం మన కణం గుంట తవ్వి పెట్టుకుంటుందా? పెట్టుకోదు కదా! అక్కడ కూర్చోవలసిన సొంతవాడు ఎవరో ఉండాలి. చాలా ఏళ్లు ఆ సొంతవాడు దొరకలేదు. 2020లో దొరికాడు. పొడుగు గొలుసు కొవ్వు ఆమ్లాలు కోఎంజైము ఏతో జతకట్టిన రూపం, ఉదాహరణకు పామిటోయిల్ కోఎంజైము ఏ, బీటా1 ఉన్న ఎంజైముని ఈ గుంట దారిలోనే లేపుతుందని చూపించారు. కొవ్వు వచ్చిందోయ్, కాల్చడానికి సిద్ధం కండి అని కొవ్వే చెప్తోందన్నమాట. నీళ్లు తగ్గినప్పుడు లేవడం ఒకటి, సరుకు వచ్చిందని లేవడం ఇంకొకటి. ఒకే లష్కరుకి రెండు పిలుపులు, రెండు వేర్వేరు చోట్ల.

అయితే లేపేయొచ్చుగా? అందరికీ ఒక మాత్ర ఇచ్చి, ఎప్పుడూ మేలుకునే ఉండేలా చేస్తే పోలా? ఈ ప్రశ్నకు జవాబు ముందుగా పందులు చెప్పాయి. హాంప్‌షైర్ జాతి పందుల్లో, గామా మూడు రకాల్లో ఒకటైన గామా3లో ఒక్క అమైనో ఆమ్లం మారింది. 2000లో ఈ సంగతి బయటపెట్టారు. గేజీ చెడిపోయి, నీళ్లున్నా లేనట్టే చూపిస్తుంది. దాంతో వాటి కండరంలో గ్లైకోజెన్, అంటే నిల్వ చక్కెర, 70 శాతం ఎక్కువ పేరుకుంటుంది. కోసిన తర్వాత ఆ గ్లైకోజెనంతా ఆమ్లమై, మాంసం నీరు కార్చుకుని, హామ్ తయారుచేసేవాళ్లకు నష్టం. పందికి కండలో వస్తే నష్టంతో పోయింది. మనిషిలో గామా2 ఇలాగే మారితే గుండె కండరంలో గ్లైకోజెన్ పేరుకుంటుంది, గుండె మందమవుతుంది, గుండె లయ తప్పుతుంది. 2001 నుంచి ఈ జబ్బు తెలుసు.

2017లో ఎంకే-8722 అనే మందుని కోతుల మీద చూశారు. ఇది పన్నెండు రకాల ఏఎంపీ కైనేజ్‌నీ లేపుతుంది. పన్నెండు ఎలా? ఆల్ఫాలు రెండు, బీటాలు రెండు, గామాలు మూడు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు మూళ్లు పన్నెండు. చక్కెర చక్కగా తగ్గింది. గుండె కూడా పెరిగింది, అందులో గ్లైకోజెన్ కూడా పెరిగింది. గుండె పనితీరులో తేడా కనిపించలేదని రాశారు, నిజమే. కానీ గామా2 జబ్బు చూసిన ఏ డాక్టరు ఆ ఫలితం చదివి నిశ్చింతగా ఉంటాడు చెప్పండి? డెల్టా అంతటా అన్ని లాకులూ ఒకేసారి తిప్పినట్టు అది. ఎక్కడ తిప్పాలో అక్కడే తిప్పాలి.

అందుకే ఇప్పుడు చూపు మళ్లీ ఆ గుంట మీదికి వెళ్లింది. బీటా1 గుంటకీ బీటా2 గుంటకీ కొద్ది తేడా ఉంది. ఏ-769662, సాలిసిలేట్ రెండూ బీటా1నే ఎక్కువ ఇష్టపడతాయి. మనిషి కండరంలో బీటా2 ఎక్కువ, మూత్రపిండంలో బీటా1 ముఖ్యం. కాబట్టి బీటా1 గుంటలో మాత్రమే దిగే అణువుని తయారుచేస్తే కిడ్నీలో లేచి, కండరంలో నిద్రపోయే లష్కరు దొరకవచ్చు కదా? ఆ దారిలో అణువులు తయారయ్యాయి, మధుమేహంతో కిడ్నీలు దెబ్బతిన్న జంతువుల్లో చూశారు. ఆ గుంట గోడ ఏ అమైనో ఆమ్లాలతో ఉందో తెలిస్తే గానీ అలాంటి అణువు గీయలేం. అందుకే స్ఫటికాలు, అందుకే ఆ బొమ్మలు. ఈ స్లయిడులో ఎర్రగా కనిపిస్తున్నది బీటాలో 108వ సెరిన్. దీనికి ఫాస్ఫేట్ అంటి ఉంటే గుంటలో మందు గట్టిగా నిలుస్తుంది. దాన్ని మార్చేస్తే సాలిసిలేట్ పని పోయింది.

మూడో వరుసలో ఆ అమ్మాయి ఇందాకటి నుంచీ చెయ్యి ఎత్తే ఉంది, చూడలేదు. మైకు అటు ఇవ్వండి. అడుగమ్మా.